హేమంతము: దేవతల తెల్లవారుజాము

శీతకాలము మనుష్యుని ముడుచుకొనునట్లు చేయును. పగలు కుదించుకొని రాత్రి దీర్ఘమగును. పైరు కోతకు వచ్చి పొలము పని తగ్గును, మనస్సునకు తీరిక పెరుగును. తీరిక దొరికిన మనస్సు ఊరకుండదు. ఏడాది పొడుగునా పనుల క్రింద అణగియున్న శోకము, పశ్చాత్తాపము, ఎవరిమీదనో మిగిలిపోయిన కోపము ఈ దీర్ఘరాత్రులలో ఒక్కొక్కటిగా పైకి వచ్చును. దుఃఖితునకు మాఘము వచ్చువరకు ప్రతి రాత్రియు ఒక యుగమువలె తోచుట లోకములో కన్పించునదే.

అట్టి ఋతువును ఋషిపరంపర నిద్రాకాలముగా ఎంచలేదు. మేల్కొనవలసిన వేళగా ఎంచినది. తనలోనికి తాను చూచుకొనుటకు, పాతదానిని విడిచి మనస్సును మరల నూతనము చేసికొనుటకు హేమంతమును ప్రత్యేకించినది. ఈ భావన ఒక్కనాడు పుట్టినది కాదు. వేదకాలపు గృహమునుండి ఇతిహాసములకు, అచటినుండి పురాణమునకు, ఆళ్వారుల గానమునకు, తుదకు తెలుగు వీధులలోని హరిదాసు చిడుతలకు ఇది ఎట్లు ప్రవహించినదో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

కాలగణనలో హేమంతము

తైత్తిరీయ సంహిత మాసములకు నక్షత్రనామములను గాక గుణనామములను చెప్పినది. వసంతమాసములు మధు, మాధవములు. హేమంతమాసములు సహస్సు, సహస్యము. వానిని అనుసరించి వచ్చు శిశిరమాసములు తపస్సు, తపస్యము. సహస్సనగా బలము, ఓర్చుకొను శక్తి. తపస్సనగా లోపల రగుల్కొల్పబడిన వేడిమి. బయట చలి పెరిగిన కొలది లోపల ఓర్పును, వేడిమిని పెంచుకొనుమను ఉపదేశము ఈ పేర్లలోనే ఇమిడియున్నది. ఐతరేయ బ్రాహ్మణము హేమంత శిశిరములను రెండింటిని కలిపి ఒకే ఋతువుగా లెక్కించినది. కాబట్టి ఓర్పు, తపస్సు అనునవి ఒకే సాధనకు రెండు దశలని గ్రహింపవచ్చును.

మార్గశీర్షమునకు ఆగ్రహాయణికమని మరియొక పేరు కలదు. హాయనమనగా సంవత్సరము, అగ్రమనగా మొదలు. ఒకానొక కాలమున సంవత్సరారంభము ఈ మాసముననే జరిగెడిదని ఈ నామము సూచించుచున్నది. పాణిని సూత్రములలో ఆగ్రహాయణీ శబ్దము కలదు. అమరసింహుడు తన కోశమునందు మాసనామములను మార్గశీర్షముతోనే ఆరంభించెను. గీతయందు భగవానుడు తన విభూతులను చెప్పుచు మాసములలో తాను మార్గశీర్షమునని పలికెను. ఆ గీతయే మార్గశిర శుద్ధ ఏకాదశినాడు అవతరించినదని సంప్రదాయము. అర్జునుని విషాదముతో మొదలైన గ్రంథమునకు హేమంతము జన్మకాలమగుట గమనింపదగినది.

చాంద్రమానమున మార్గశిర పుష్యమాసములు హేమంతఋతువు. సౌరమానమున సూర్యుడు ధనూరాశియందు సంచరించు ధనుర్మాసము డిసెంబరు నడుమ మొదలై జనవరి నడుమ మకర సంక్రమణముతో ముగియును. మానవుల సంవత్సరము దేవతలకు ఒక అహోరాత్రము. ఉత్తరాయణము వారికి పగలు, దక్షిణాయనము రాత్రి. పన్నెండు మాసములు అరువది ఘడియలైనచో ఒక్కొక్క మాసమునకు ఐదు ఘడియలు, అనగా 2 గంటలు. దక్షిణాయనమున కడపటిదైన ధనుర్మాసము ఆ లెక్కన సూర్యోదయమునకు ముందున్న 2 గంటల కాలము. బ్రాహ్మీ ముహూర్తము అందులోనిదే. నేడు ఖగోళరీత్యా సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21 లేక 22న జరుగుచుండగా, అయనచలనము వలన మకర సంక్రమణము జనవరి 14 లేక 15న వచ్చుచున్నది. సుమారు 1700 సంవత్సరముల క్రితము ఈ రెండును ఇంచుమించు ఒకేనాడు కలిసియుండెడివి. అనగా రాత్రి అతిదీర్ఘముగా ఉన్నవేళకే పూర్వులు తెల్లవారుజాము అని పేరు పెట్టిరి. చీకటి యొక్క పరాకాష్ఠయే ఉదయమునకు ముంగిలి అని వారి దృష్టి.

మంచము దిగిన గృహస్థుడు

ఈ దృష్టి మొదట ఆచారరూపమున కన్పించునది గృహ్యసూత్రములలో. ప్రత్యవరోహణము అను కర్మ నేడు చాలవరకు లుప్తమైనది. ప్రత్యవరోహణమనగా మరల క్రిందికి దిగుట. శ్రావణ పౌర్ణమినాడు సర్పబలి ఆచరించి, వర్షాకాలమున పాములు తిరుగుటచే గృహస్థులు ఎత్తైన శయ్యలపై నిద్రించెడివారు. మార్గశీర్షమున ఆ భయము తొలగినంతట మంచము దిగి మరల భూమిపై శయనించుటయే ఈ కర్మ.

ఆశ్వలాయనుడు దీనిని మార్గశీర్ష పౌర్ణమికి గాని, అంతకు ముందరి చతుర్దశికి గాని విధించెను. ముందుగా ఇల్లంతయు అలికి, నేల చదును చేసి, గృహమును మరల నూతనము చేయవలెను. పాయసము హోమము చేయవలెను. పిమ్మట గడ్డి పరచి, భూదేవిని సుఖప్రదురాలవు కమ్మని ప్రార్థించి, యజమానుడు పరివారముతో కూడ దానిపై శయనించవలెను. తెలుగు దేశమున అధికముగా అనుసరింపబడు ఆపస్తంబ గృహ్యసూత్రము కూడ హేమంత ప్రత్యవరోహణమును చెప్పినది. ఇంటివారందరు వయఃక్రమమున ఒకరి ప్రక్కన ఒకరు శయనించుట అందు కలదు.

ఈ చిన్న కర్మలో హేమంతసాధన యొక్క బీజమంతయు ఉన్నది. భయమువలన మనుష్యుడు ఎత్తుకు ఎక్కును. భయము పోయిన పిమ్మట కూడ ఎత్తుననే ఉండిపోవుట అతని స్వభావము. ఆపదలో కట్టుకొన్న కంచెలు, అవమానము జరిగిననాడు పెంచుకొన్న బిగువు, కారణము తీరిన తరువాత కూడ నిలిచియుండును. ఏడాదికొకమారు పూనుకొని క్రిందికి దిగవలెను, ఇల్లు అలుకవలెను, అందరితోపాటు ఒకే నేలపై పడుకొనవలెను అని సూత్రకారులు విధించిరి. ఆత్మపరీక్షకు తొలి మెట్టు పైకి ఎక్కునది కాదు, క్రిందికి దిగునది.

పంచవటిలో ఒక ఉదయము

శ్రీమద్రామాయణమున అరణ్యకాండ పదునారవ సర్గ హేమంతవర్ణన. రాముడు తెల్లవారుజామున స్నానమునకై గోదావరికి బయలుదేరును. సీత వెంట నడచును. లక్ష్మణుడు కలశము చేతబట్టి వెనుక వచ్చుచు ఋతువును వర్ణించును. నీరు ముట్టుకొన వెరపు, అగ్ని మాత్రము ప్రీతికరము. మంచుచే కాంతి తగ్గిన చంద్రుడు ఊపిరి సోకి మసకబారిన అద్దమువలె ఉన్నాడని అతడు చెప్పిన ఉపమానమును ఆలంకారికులు శతాబ్దములపాటు ఉదాహరించిరి. సాధకునకు కూడ అందొక రహస్యము కలదు. ఆ అద్దము పగిలినది కాదు. దానిని కప్పినది బయటి దుమ్ము కూడ కాదు, చూచువాని నిట్టూర్పే. శోకించు మనస్సు కూడ అట్టిదే. తన నిట్టూర్పు తననే కప్పును. ఒక్క క్షణము నిలిచి తుడిచినచో బింబము యథాస్థానమున ఉండును.

వర్ణించుచు వర్ణించుచు లక్ష్మణునకు భరతుడు స్మృతికి వచ్చును. ఈ చలిలో అతడు రాజ్యమును, భోగములను విడిచి నేలపై పడుకొని, ఇట్టి వేకువవేళనే సరయువునకు స్నానమునకు వెళ్లుచుండును కదా అని అతని హృదయము ద్రవించును. ఆ ప్రేమ వెనువెంటనే కోపముగా మారును. దశరథుని భర్తగా, భరతుని కుమారునిగా పొందిన కైకేయి అంత క్రూరురాలెట్లు కాగలిగినదని నిందించును.

రాముడు అచట లక్ష్మణుని నివారించును. మధ్యమాంబను నిందింపవద్దు, ఆ భరతుని కథనే చెప్పుమనును. వనవాసవ్రతమున దృఢముగా ఉన్న తన బుద్ధి కూడ భరతస్నేహముచే మరల బాలునివలె అగుచున్నదని ఒప్పుకొనును. పిమ్మట ముగ్గురును గోదావరిలో స్నానము చేసి, పితృదేవతలకు తర్పణములిచ్చి, ఉదయించు సూర్యుని స్తుతింతురు.

రాముడు లక్ష్మణుని దుఃఖమును ఆపలేదు. స్మృతిని విడువుమని కూడ చెప్పలేదు. స్మృతిని నిందవైపు పోనీయక ప్రేమవైపు త్రిప్పెను. గతమును తలచుకొను వానికి ఎల్లప్పుడును రెండు త్రోవలుండును: ఎవరు చెడగొట్టిరి అను త్రోవ, ఎవరు ప్రేమించిరి అను త్రోవ. హేమంతప్రాతఃకాలమున గోదావరీతీరమున రాముడు చూపినది రెండవది.

ధర్మరాజు అడిగిన ప్రశ్నలు

ఆయుర్వేదము ఈ ఋతువును గూర్చి చెప్పిన విషయమొకటి ఇచట స్మరింపదగినది. చరకసంహిత సూత్రస్థానమున, శీతకాలమున బయటి చలిచే నిరోధింపబడిన జఠరాగ్ని ప్రబలమగుననియు, దానికి తగిన ఆహారమను ఇంధనము లభింపనిచో అది దేహమునందలి రసమునే హరించుననియు ఉన్నది. మనస్సు విషయమున కూడ ఇది సత్యము. లోపలికి మరలిన చిత్తమునకు సద్వాక్యమను ఇంధనము దొరకనిచో అది తన్ను తానే దహించుకొనును. ఒంటరిగా కూర్చుండి దుఃఖమును తవ్వుకొనుట ఆత్మపరీక్ష కాదు.

మహాభారతమున శాంతిపర్వము ఇందుకు నిదర్శనము. యుద్ధము ముగిసినది. కర్ణుడు తన అన్నయని ధర్మరాజు తెలిసికొనెను. విజయము అతనికి పరాజయముగా తోచెను. రాజ్యమును విడిచి అడవికి పోయెదననెను. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, శ్రీకృష్ణుడు ఎంత చెప్పినను శోకము తీరలేదు. తుదకు శ్రీకృష్ణుడు అతనిని శరతల్పగతుడైన భీష్ముని సన్నిధికి తోడ్కొని వెళ్లెను. అవి దక్షిణాయనపు చివరి దినములు.

పితామహుని ఎదుటికి పోవుటకు ధర్మరాజు లజ్జించెను. పూజ్యులను చంపించినవాడను, ఏ ముఖముతో నిలువగలనని వెనుకాడెను. అతని తరఫున శ్రీకృష్ణుడే ఆ మాట భీష్మునకు విన్నవించెను. భీష్ముడు క్షత్రియధర్మమును గుర్తుచేసి ఊరడింపగా, ధర్మరాజు దగ్గరకు వచ్చి పాదములు పట్టుకొనెను. వెరవక కూర్చుండి అడుగుమని భీష్ముడు పలికెను. అచటినుండి ధర్మరాజు ప్రశ్నించుట మొదలిడెను. రాజధర్మము, ఆపద్ధర్మము, మోక్షధర్మము, విష్ణుసహస్రనామము సైతము ఆ ప్రశ్నలకు ఉత్తరములే.

శోకము ప్రశ్నగా మారినచోటనే శాంతిపర్వము శాంతిపర్వమైనది. ఆ ప్రశ్న అడుగుటకు ఎదుట ఒక పెద్ద ఉండవలెను, సిగ్గును దాటించు స్నేహితుడు ప్రక్కన ఉండవలెను. తాను వాడి బాణములపై పరుండి 58 రాత్రులు గడచినవని, అవి నూరేండ్లవలె తోచినవని భీష్ముడు ప్రాణత్యాగసమయమున చెప్పెను. తన బాధ అంత దీర్ఘమై ఉండగనే అతడు మరియొకరి బాధను తీర్చెను. ఉత్తరాయణముకొరకు వేచియున్న ఆ మహాత్ముడు వేచియుండు కాలమును వ్యర్థము చేయలేదు.

యమునాతీరమునుండి శ్రీవిల్లిపుత్తూరునకు

శ్రీమద్భాగవతము దశమస్కంధమున, హేమంతఋతువు మొదటి మాసమున గోకులకన్యలు హవిష్యాన్నము భుజించుచు కాత్యాయనీవ్రతము ఆచరించిరని కలదు. వారు ఉషఃకాలమున లేచి, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొని, చేతులు కలిపి, కృష్ణగానము చేయుచు యమునకు వెళ్లెడివారు. ఇసుకతో దేవీప్రతిమను చేసి అర్చించెడివారు. ప్రత్యవరోహణము గృహమునకు పరిమితమైన కర్మ. ఇచట ఆ సాధన ఊరి కన్యలందరి సామూహిక వ్రతమైనది.

పాండ్యదేశమున శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారునకు తులసివనమున లభించిన గోదాదేవి ఈ వ్రతమును తనదిగా చేసికొనెను. పండితులు ఆమె కాలమును సాధారణముగా 8, 9 శతాబ్దములలో నిర్ణయింతురు. ఆమె తన గ్రామమును గోకులముగా, సఖులను గోపికలుగా, వటపత్రశాయి ఆలయమును నందగృహముగా భావించి 30 పాశురముల తిరుప్పావై గానము చేసెను.

రెండవ పాశురమున వ్రతనియమములు కలవు. నేయి, పాలు ముట్టము, కాటుక పెట్టము, పూలు ముడువము, చేయరానివి చేయము, ఒకరిపై కొండెములు చెప్పము, దానధర్మములు చేయుదుము అని కన్యలు సంకల్పింతురు. నేతిని విడుచుటకును, కొండెములు విడుచుటకును ఒకే వరుసలో స్థానమిచ్చుట సాధకుడు గమనింపవలెను. జిహ్వకు రెండు పనులు, రుచి చూచుట, మాటాడుట. రెండింటికిని ఉపవాసము కావలెను.

ఆరవ పాశురము మొదలు పదునైదవది వరకు పది పాశురములు సఖులను మేల్కొలుపుటకే. మొత్తములో మూడవవంతు పరమాత్మను చేరుటకు ముందు ప్రక్క ఇంటివారిని లేపుటకు వినియోగింపబడినది. భగవదనుభవమునకు తొందరపడువారు తలుపు తీయని సఖికొరకు చలిలో నిలిచియుందురు. పదునైదవ పాశురమున లోపలి సఖికిని బయటి సఖులకును సంవాదము జరుగును. మాటకు మాట పెరిగిన తరుణమున లోపలి సఖి తప్పు తనదే అగుగాక అని వివాదమును ముగించును. పూర్వాచార్యులు ఈ ఒక్క మాటను వైష్ణవలక్షణమునకు పరమోదాహరణముగా కొనియాడిరి. తనది కాని దోషమును సైతము తనదిగా స్వీకరింపగల మనస్సు తన దోషమును తప్పక చూడగలదు. హేమంతమున జరుగవలసిన ఆత్మావలోకనమునకు ఇది గీటురాయి.

ఇరువదియేడవ పాశురముతో నియమము ఫలించును. రెండవ పాశురమున విడిచిన నేయి మోచేతివరకు కారునట్లు, పాలతో వండిన అన్నమును అందరును కూడియుండి ఆరగింతురు. ఫలము అన్నమునందు కన్న కూడియుండుటయందే ఉన్నదని వ్యాఖ్యాతల హృదయము. భగవద్రామానుజులు తిరుప్పావైయందలి ప్రీతిచే తిరుప్పావై జీయరు అని ప్రసిద్ధులైరి. గోదాదేవి నూరు గంగాళముల వెన్న, నూరు గంగాళముల క్షీరాన్నము సమర్పింతునని మ్రొక్కిన మ్రొక్కును శతాబ్దముల తరువాత ఆయన తీర్చిరనియు, శ్రీవిల్లిపుత్తూరునకు వచ్చినప్పుడు అమ్మవారు ఆయనను అన్నా అని పిలిచెననియు సంప్రదాయము చెప్పుచున్నది.

తెలుగు దేశమున ధనుర్మాసము

నాథమునులు నాలాయిర దివ్యప్రబంధమును సమకూర్చిన పిమ్మట శ్రీరంగమున వైకుంఠ ఏకాదశికి ముందు వెనుకల జరుగు అధ్యయనోత్సవమున ఆ గానమునకు శాశ్వతస్థానము ఏర్పడినది. తిరుమలలో ధనుర్మాసమంతయు శ్రీవారి మేల్కొలుపున సుప్రభాతమునకు బదులు తిరుప్పావై పఠింపబడును. ఏడాది పొడుగునా దేవుని మేల్కొలుపు స్థానమున, ఈ ఒక్క మాసము భక్తులు ఒకరినొకరు మేల్కొలుపుకొను గానము నిలుచుట అర్థవంతము.

16వ శతాబ్ది ఆదిలో శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో కృష్ణాతీరమున శ్రీకాకుళమందు విశ్రమించినప్పుడు ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి గోదాకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెను. ఆముక్తమాల్యద అట్లు అవతరించినది. తమిళదేశపు కన్య కథ తెలుగువారి సొంతమైనది.

పల్లెలలో నెలగంట మ్రోగినది మొదలు ముంగిళ్లు అలికి ముగ్గులు పెట్టుదురు, గొబ్బెమ్మలు నిలుపుదురు. అలుకబడిన ఆ ముంగిలి గృహ్యసూత్రములు చెప్పిన నూతనగృహమును తలపించును. తలపై అక్షయపాత్ర ధరించి, చేత తంబుర, చిడుతలతో హరినామము తప్ప అన్యము పలుకక ఇంటింటికి తిరుగు హరిదాసు సఖులను లేపు గోదమ్మను తలపించును. భోగినాడు తెల్లవారుజామున పాతసామగ్రి మంటకు ఆహుతి అగును. ఐదవ పాశురము, చేసిన పాపములును, ఇకముందు తెలియక కలుగునవియు నిప్పున పడిన దూదివలె భస్మమగునని చెప్పినది. ఆ భోగినాడే ఆలయములలో గోదాకల్యాణము జరుగును. దహనము, కల్యాణము ఒకేనాడు సంభవించుట యాదృచ్ఛికముగా తోచదు.

సాధకునకు సారము

వేదము ఓర్పును, గృహ్యసూత్రము దిగుటను, రామాయణము నిందను విడుచుటను, భారతము శోకమును ప్రశ్నగా మార్చుటను, భాగవతము చేయి కలుపుటను, గోదాదేవి దోషమును తనదిగా తీసికొని తోటివారిని మేల్కొలుపుటను నేర్పినవి. కాలక్రమమున వరుసగా వచ్చిన ఈ ఆరును ఒక్క సాధకుని జీవితమున కూడ వరుసగానే రావలెను. నేడు ధనుర్మాసము కొందరికి వేకువ ప్రసాదముగా, కొందరికి పఠనముగా మాత్రము మిగిలినది. ప్రసాదము పవిత్రమే, పఠనము పుణ్యప్రదమే. అయినను ముప్పది దినములు పాశురములు చదివియు, ఏడాదిగా మాటలు లేని సోదరుని ఇంటి తలుపు తట్టనివాడు ఆరవ పాశురమువద్దనే నిలిచిపోయినవాడు.

ఎవరి ఇంట ఈ ఏడు దుఃఖము సంభవించినదో, ఎవరు ఈ దీర్ఘరాత్రులలో నిద్రపట్టక కూర్చున్నారో, వారి తలుపు ముందు నిలిచి పేరుపెట్టి పిలుచుట హేమంతవ్రతమున ముఖ్యాంగము. ఆ పిలుపు విని తలుపు తీయుట కూడ వ్రతమే. రాత్రి దీర్ఘమైనది నిజము. అది తెల్లవారుజాము అనుట కూడ అంతే నిజము.

శ్రీ గోదాదేవ్యై నమః. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.